మట్టి బానలో సముద్రం

మేడం గారి జ్ఞాపకార్థ కూడిక నందిగామలో, వాళ్ల చర్చి పక్కన షామియానా వేసి జరిపారు. గుంజకి కట్టిన ఫ్లెక్సీ మీద ఆవిడ పుట్టిన తేదీ, చదువు, పనిచేసిన కాలేజీలు, అందుకున్న సన్మానాలు వరసగా ఉన్నాయి. మాట్లాడినవాళ్లు కూడా ఆ వరసలోనే మాట్లాడారు. నా వంతు వచ్చింది. నేను ఆవిడ దగ్గర చదువుకోలేదు. నాది ఎంపీసీ, అదీ జగ్గయ్యపేటలో. ఆవిడ చెప్పింది జువాలజీ. నాకు తెలిసిన మేడం గారు ఆ ఫ్లెక్సీ మీద ఎక్కడా లేరు. "ఆవిడ మనిషిని చూడాలంటే మొహం పక్కకి తిప్పుకునేవారండీ" అని మొదలుపెట్టి, తర్వాతి మాట దొరక్క, మైకు ఇచ్చేసి కూర్చున్నాను. ముందు వరసలో ఉన్న ఆవిడ భర్త ఒక్కరే నవ్వారు. మిగతాది ఇక్కడ రాస్తున్నాను.

మొహం తిప్పుకోవడానికి కారణం షుగరు. దానివల్ల రెండు కళ్లలోనూ చూపు నడిమధ్య దెబ్బతింది. ఎదురుగా ఉన్నదంతా మసక మచ్చ. పక్కనున్నది కొంచెం నయం. అందుకని ఎవరైనా పలకరిస్తే ఆవిడ మొహం కుడివైపుకి తిప్పి, ఎడమ కంటి చివరి నుంచి చూసేవారు. తెలియనివాళ్లు తమ మీద కోపం వచ్చిందనుకునేవారు.

మొదటిరోజు నేనూ అలాగే అనుకున్నాను. మీటర్లు సరిగ్గా చూపిస్తున్నాయో లేదో పరీక్షించి, తప్పు చూపిస్తుంటే సరిచేయడం నా పని. ఫ్యాక్టరీలు, తాగునీటి ప్లాంట్లు, కైకలూరు వైపు రొయ్యల చెరువులు, ఎక్కడికి పిలిస్తే అక్కడికి వెళతాను. ఆ రోజు మేడం గారి వీధిలోని నీళ్ల ప్లాంటులో ఉన్నాను. ఒక పెద్దావిడ ఖాళీ క్యానుతో వచ్చి, నా వైపు కాకుండా గోడ వైపు చూస్తూ అడిగారు.

"అబ్బాయ్, నీ చేతిలోది ఉప్పు కొలుస్తుందా?"

"నీళ్లలో కరిగినవన్నీ కలిపి కొలుస్తుందండి."

"సముద్రం నీళ్లు కొలుస్తుందా?"

"దీనికంత శక్తి లేదండి. రొయ్యల చెరువులకి వాడేది వేరే ఉంది."

"అది నీ దగ్గరుందా?"

"ఉందండి. అయినా నందిగామలో సముద్రం ఎక్కడుందండి?"

"వచ్చేవారం వస్తోంది," అన్నారావిడ గోడతోనే. "క్యాన్లలో. ఖాళీ ఉంటే మా ఇంటికి రా. ఆ పచ్చ గేటు."

ఖాళీ చేసుకుని వెళ్లాను. సముద్రం క్యాన్లలో ఎందుకు వస్తోందో తెలుసుకోకుండా ఉండలేకపోయాను.

ఆ ఇంట్లో ఇద్దరే. మేడం గారు, ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరైన వాళ్లాయన. ఆయన్ని నేను అంకుల్ అనేవాణ్ణి. ఆయన భార్యని టీచరు గారూ అనీ, నన్ను ఇంజనీరు గారూ అనీ పిలిచేవారు. ఆ ఇంట్లో బొద్దింక కనపడితే మేడం గారు బొద్దింక అనరు. "ఏవండీ, పెరిప్లానెటా వచ్చింది, చీపురు తెండి," అంటారు.

"చూశారా ఇంజనీరు గారూ," అన్నారు అంకుల్ చీపురు వెతుకుతూ. "మా ఇంట్లో బొద్దింకలక్కూడా డిగ్రీలున్నాయి. టెన్త్ ఫెయిలైంది నేనొక్కణ్ణే."

ఆవిడ పంచదార డబ్బా మీద, ఉప్పు డబ్బా మీద నల్ల మార్కరుతో అరచేతి మందాన అక్షరాలు రాసుకున్నారు. టీ పోసేటప్పుడు కప్పు అంచులో వేలు పెట్టి కొలత చూసుకునేవారు. వేలు కాలితే, "నిండింది," అనేవారు.

మొదటి ఆదివారమే నాకు పరీక్ష పెట్టారు.

"ఆ గోడ మీద ఏముంది?"

"బల్లండి."

"అది పేరు. నేను అడిగింది ఏముందని."

నేను మళ్లీ చూశాను. "బూడిదరంగు. తల కిందకి ఉంది. తోక చివర ఎప్పుడో తెగినట్టుంది, కొత్తది పొట్టిగా, నున్నగా వస్తోంది."

"అదీ! తోక సంగతి మీ అంకుల్ ఇన్నాళ్లూ చెప్పలేదు చూడు."

"నన్ను బల్లి ఉందా లేదా అనే కదా అడిగావ్ టీచరూ," అన్నారు అంకుల్. "టికెట్టుందా లేదా అనడిగితే, ఆ మనిషి ఏ రంగు చొక్కా వేసుకున్నాడో చెప్తామా?"

కాలేజీలో ప్రాక్టికల్స్ కూడా ఆవిడ అలాగే పెట్టేవారట. సీసాలో ఉన్న జంతువు పేరు చెప్పేముందు, కంటికి కనపడిన మూడు సంగతులు చెప్పాలి. పేరు సరిగ్గా చెప్పి, కనపడింది చెప్పలేకపోతే సున్నా. కనపడింది ముందు, అనుకున్నది తర్వాత. మీటర్లు చూసే పనిలో ఉన్నవాణ్ణి కాబట్టి నాకీ పద్ధతి వెంటనే నచ్చింది. సూది ఎక్కడుందో రాయకుండా మిషను పాడైందని రాసేవాళ్లతోనే నా రోజులు గడుస్తుంటాయి.

ఆవిడ కాలేజీ ల్యాబులో ఒక సీసా ఉండేదట. అందులో సెపియా. ఇంగ్లీషులో కటిల్ ఫిష్ అంటారు గానీ అది చేప కాదు. నత్తకీ ఆక్టోపస్‌కీ చుట్టం. ఎనిమిది చేతులు, వేట కోసం దాచుకున్న రెండు పొడవాటి చేతులు, ఒళ్లంతా రంగులు మార్చే చర్మం. మూలికల కొట్లలో సముద్రపు నురుగు పేరుతో అమ్మే తెల్లటి పెంకు, పంజరంలో లవ్‌బర్డ్స్ ముక్కు అరగదీసుకోవడానికి కట్టే పెంకు, దాని వీపులోని ఎముకే. ఆ సీసాలోది ఫార్మలిన్‌లో నాని నాని ఉడకబెట్టిన గుడ్డు రంగుకి వచ్చేసింది.

"దాని ముందు నిలబడి, ఇది క్షణంలో రంగు మారుస్తుంది పిల్లలూ అని చెప్పేదాన్ని," అన్నారు మేడం. "ప్రతి ఏడూ చెప్పేదాన్ని. అది మాత్రం అలా తెల్లగా చూస్తుండేది. నాకే అబద్ధం చెప్తున్నట్టుండేది."

"యూట్యూబ్‌లో బోలెడు వీడియోలున్నాయి కదండీ."

"చూశాలే. అవన్నీ కెమెరావాడు చూసినవి. నేను చూడాలి కదా."

వెళ్లేటప్పుడు అంకుల్ గేటు దాకా వచ్చారు. ఈసారి వేళాకోళం లేదు. "విజయవాడలో డాక్టరు చెప్పాడు బాబూ. సూదులు వేస్తున్నారు గానీ, వచ్చే ఎండాకాలానికి ఆ పక్కచూపు కూడా ఎంతవరకు ఉంటుందో చెప్పలేమన్నాడు. ఒక్కసారి బతికున్నది చూడాలని ఈవిడ పట్టు. నీకు వీలైనంత చెయ్యి."

గుడ్లు బందరు నుంచి వచ్చాయి. మేడం గారి పాత విద్యార్థి ఒకతను అక్కడ చేపల వ్యాపారంలో ఉన్నాడు. సెపియా తల్లులు వలతాళ్లకి, నీళ్లలో మునిగిన కర్రలకి గుడ్లు పెడతాయి. జాలర్లు ఆ తాళ్లని గీకి శుభ్రం చేసుకుంటారు. అలా పారేసే తాడు ముక్కనొకదాన్ని గుడ్లతో సహా, సముద్రపు నీళ్ల క్యాన్లతో సహా ట్రాలీ ఆటోలో తెచ్చి దించాడు. చూస్తే అచ్చం నల్లద్రాక్ష గుత్తి.

పక్కింటావిడ గోడ మీద నుంచి తొంగిచూసింది. "ద్రాక్షపళ్లు ఉప్పులో ఊరేస్తున్నారేంటి మేడం గారూ? మా పిల్లకి రెండు పెట్టకూడదూ?"

"ఊరాక పెడతాలేమ్మా," అన్నారు మేడం, నవ్వకుండా.

గుత్తిని వరండాలో గాజు తొట్టిలో వేలాడదీశాం. గాలి బుడగల పంపుని నేను ఇన్వర్టరుకి కలిపాను, కరెంటు పోయినా ఆగకుండా. ఉప్పు కొలిచాను. సరిగ్గా ఉంది. తొట్టి మీద మార్కరుతో గీత గీసి, అంకుల్‌కి ఒక నియమం చెప్పాను: ఎండకి నీళ్లు ఆవిరైపోతాయి, ఉప్పు లోపలే మిగులుతుంది. కాబట్టి తగ్గినంత మేర మంచినీళ్లే పొయ్యాలి, సముద్రం నీళ్లు పొయ్యకూడదు. ఆయన తల ఊపి, ఆ రోజు నుంచి చెంబు తన అధీనంలోకి తీసుకున్నారు.

ఆ సాయంత్రం వరండాలో కూర్చుని మేడం సెపియా సంసారం మొత్తం చెప్పారు. మగది ఆడదాని ముందు ఒళ్లంతా చారలు తెప్పించుకుంటుంది. ఇంకో మగది అడ్డమొస్తే ఆ చారలు ఇంకా ముదురుతాయి. ఒప్పుకుంటే ఇద్దరూ ఎదురెదురుగా చేతులు పెనవేసుకుంటారు. మగది తన బీజాన్ని చిన్న పొట్లాల్లా చుట్టి, ఒక ప్రత్యేకమైన చేత్తో ఆడదాని నోటి కింద సంచిలో పెడుతుంది. కొన్ని జాతుల్లో చిన్న మగవి కొట్లాటకి దిగలేక, చేతులు ముడుచుకుని, రంగు మార్చుకుని, ఆడవాటిలా వేషం కట్టి కాపలాదారు పక్కనుంచే లోపలికి వెళ్లిపోతాయి.

"లేడీస్ సీట్లో కిటికీ వైపు తిరిగి కూర్చునేవాళ్లు మా బస్సులోనూ ఉండేవాళ్లు," అన్నారు అంకుల్. "వెనకనుంచి చూస్తే జుట్టు. లేవమ్మా అంటే మీసం."

మేడం నవ్వు ఆపుకుని మిగతాది చెప్పారు. తల్లి ఒక్కో గుడ్డునీ విడిగా పెడుతుంది. ఒక్కోదానికీ తన సిరా కలిపిన జిగురు పొరలు చుట్టి, కర్రకో తాడుకో ముడివేస్తుంది. నల్లగా ఉంటే తినేవాళ్ల కంటపడవు. అన్నీ ముడివేశాక ఇక ఆవిడ పని అయిపోతుంది. తిండి మానేస్తుంది, నీరసించిపోతుంది, పోతుంది. తండ్రీ అంతే. పిల్ల బయటకి వచ్చేసరికి ఎవరూ ఉండరు.

"అయ్యో," అన్నారు అంకుల్.

"అయ్యో ఏముందండీ? తల్లి చూసుకోవాల్సింది ఒకటే, గుడ్డు ఎక్కడ కట్టాలీ అని. అది సరిగ్గా చూసుకుంది. మిగతాది పిల్ల చూసుకుంటుంది." ఆవిడ తొట్టి వైపు చెవి పెట్టినట్టుగా మొహం తిప్పారు. "గుడ్డు పెరిగేకొద్దీ ఆ నల్లపొర సాగి పలచబడుతుంది. లోపల పిల్లకి అప్పటికే కళ్లుంటాయి. పుట్టకముందే బయటకి చూస్తుంటుంది. ఏ పురుగు ఎదురుగా తిరుగుతుంటే, రేపు దాన్నే వేటాడాలని నేర్చుకుంటుందంటారు. పాఠం చెప్పేవాళ్లు లేకపోయినా నేర్చుకోవడం ఆగదు నాయనా."

అందుకని హేచరీ నుంచి ఆర్టీమియా తెచ్చాను. రొయ్యపిల్లలకి మేతగా వేసే చుక్కంత ప్రాణులు. వాటిని గుడ్ల ఎదురుగా వదిలాం. గుడ్లలోంచి అవి కనపడతాయో లేదో తెలియదు గానీ, మేడం మాత్రం రోజూ ఆ ప్రదర్శన జరిగేలా చూసుకున్నారు.

తర్వాత ఎండలు ముదిరాయి. మా వైపు ఎండ సంగతి చెప్పక్కర్లేదు. వరండాలో గాజు తొట్టి స్నానం నీళ్లలా అయింది. నేను వత్సవాయి దగ్గర పనిలో ఉండగా మేడం ఆగలేక, తాగే నీళ్లు చల్లబరిచే పెద్ద మట్టి బానని ఖాళీ చేయించి, పెరటి వసారాలో మున్నేటి ఇసక తడిపి దాని మీద కూర్చోబెట్టి, సముద్రాన్ని, గుత్తిని అందులోకి మార్పించేశారు. మా ప్రాంతంలో ఎండకి తెలిసిన మందు బానే కదా. ఫోన్లో చెప్తే నాకూ బాగుందనిపించింది. ఆ ఆదివారం వెళ్లి థర్మామీటరు పెట్టి చూశాను. నీళ్లు హాయిగా, చల్లగా ఉన్నాయి. ఉప్పు కొలిచే మీటరు మాత్రం కైకలూరులో ఒక చెరువు దగ్గర ఉండిపోయింది.

"తెగ తాగుతోందయ్యా ఈ బాన," అన్నారు అంకుల్ చెంబుతో. "మా డిపో డ్రైవర్లు టీ తాగినట్టు తాగుతోంది. తాగినంతా పోస్తున్నా. మంచినీళ్లే, నువ్వు చెప్పినట్టే."

నేను గుత్తి వైపు వంగాను. కొన్ని గుడ్లు వేలితో తాకితే పగిలేటట్టున్నాయి. రెండు మూడు అప్పటికే పగిలి తెల్లగా పీలికలై వేలాడుతున్నాయి.

"ఏంటి, మాట్లాడవేం?" అన్నారు మేడం.

"చచ్చిపోతున్నట్టున్నాయండి."

"అది నువ్వనుకున్నది." గొంతు గట్టిగానే ఉంది గానీ, చీరకొంగుని ఆవిడ వేళ్లు మెలిపెడుతున్నాయి. "కనపడింది చెప్పు. గుడ్ల దగ్గర మొదలుపెట్టి బయటకి రా. ఏదీ వదలకు."

వరసగా చెప్పడం నాకు వచ్చిన పనే. గుడ్లు పోయిన ఆదివారం కన్నా బాగా ఉబ్బాయి. పొర గాజులా పలచగా ఉంది. లోపల పిల్లలున్నాయి, కళ్లు పెద్దవిగా, నల్లగా కనపడుతున్నాయి. కొన్ని కదులుతున్నాయి, కొన్ని లేదు. నీళ్లలో వాసన లేదు. బుడగలు వస్తున్నాయి. నీళ్లు అంకుల్ బాన లోపల గీసుకున్న గీత దాకా ఉన్నాయి. బాన గోడ లోపల నున్నగా ఉంది. బయట...

"బయట?"

"బయట చెమ్మగా ఉందండి. బాన పొట్ట చుట్టూ తెల్లగా ఏదో పేరుకుంది. సున్నం చారల్లా."

ఆవిడ కొంగు వదిలేశారు. "నాలిక మీద పెట్టుకో."

"అండీ?"

"రుచి చూడవయ్యా! విషమేం కాదు."

గోటితో గీకి నాలిక మీద వేసుకున్నాను. ఉప్పు. కటిక ఉప్పు.

మేడం నుదురు కొట్టుకుని, నవ్వడం మొదలుపెట్టారు. "ఉప్పు లోపలే ఉంటుందని చెప్పింది గాజు. మట్టిని మనం అడిగామా? ఇది నీళ్లతో పాటు ఉప్పుని కూడా చెమటలా బయటకి తోసేస్తోంది. మనం మంచినీళ్లు పోసి పోసి సముద్రాన్ని చప్పగా చేసేశాం. చప్పటి నీళ్లలో ఉప్పటి గుడ్డు ఏం చేస్తుంది? నీళ్లు పీల్చి ఉబ్బుతుంది. ఎండుద్రాక్ష నానబెట్టే ప్రయోగం ఎంతమంది చేత చేయించానో! నా ఇంట్లో జరిగితే నాకు తట్టలేదు."

"అంటే నేను పోసిన ప్రతి చెంబూ..." అన్నారు అంకుల్. ఆయన మొహం చిన్నబోయింది.

"మీరు చెప్పింది చేశారు. చెప్పింది మేము." ఆవిడ అప్పటికే లేచి గోడ పట్టుకుని స్టోరు గదిలోకి నడుస్తున్నారు. "ఏవండీ, చెంబు పక్కన పెట్టి నిచ్చెన పట్టుకోండి. అటక మీద వెడల్పు సీసా ఒకటి ఉండాలి, కొత్తది. ల్యాబుకి కొన్నాం, మూత సరిపోక వాడలేదు."

ఇద్దరం కలిసి దించాం. అప్పుడు ఆవిడ చెప్పిన ఏర్పాటు ఇది: బానలో మామూలు నీళ్లు నింపాలి, చల్లదనం దానిది. ఆ నీళ్ల మధ్యలో గాజు సీసా నిలబెట్టి అందులో సముద్రం ఉంచాలి, ఉప్పు దానిది. ఎవరి పని వాళ్లు చేసుకుంటారు. మిగిలిన క్యాను నీళ్లు నీడలోనే ఉన్నాయి. ఒక్కసారిగా ఉప్పు పెరిగితే పిల్లలు తట్టుకోలేవని, నా పెట్టెలోని సన్న గొట్టంతో చుక్కచుక్కగా ఎక్కించాం. సాయంత్రం దాకా ఆ గొట్టం పట్టుకుని అంకుల్ స్టూలు మీద నుంచి లేవలేదు. కాఫీ కూడా ఎడమ చేత్తోనే తాగారు.

మరుసటి రోజు కైకలూరు వెళ్లి మీటరు తెచ్చాను. ఉప్పు నిలకడగా ఉంది. మిగిలిన గుడ్లు ఉన్నాయో పోయాయో మాత్రం ఏ మీటరూ చెప్పలేదు. మేడం రోజూ నాకు ఫోన్ చేసేవారు. నేను రాలేని రోజు అంకుల్‌ని బాన దగ్గర కూర్చోబెట్టి, ఫోన్లో నాకు వినపడేలా చెప్పించేవారు. "ఎడమ వైపుది కదిలింది. కుడివైపుది... నా వైపే చూస్తోంది టీచరూ, నిజం!" కండక్టరు గారికి చూడ్డం బాగా అలవాటైంది.

ఒక ఉదయం ఆయనే ఫోన్ చేశారు. "ఇంజనీరు గారూ, ఖాళీ గుడ్ల పొరలు తేలుతున్నాయి. అడుగున ఏవో చుక్కలు. టీచరు గారు టిఫిన్ ముట్టుకోలేదు. తొందరగా రా."

జగ్గయ్యపేట నుంచి బండి మీద ఎలా వచ్చానో నాకే తెలియదు. సీసా అడుగున కందిగింజంత పిల్లలు. అంతంత మాత్రపు ఒంటికి అంతేసి కళ్లు. అంచు చుట్టూ పలచటి రెక్క అలలా ఆడుతోంది. ఒకటి నేను చూస్తుండగానే ముదురు గోధుమరంగు నుంచి పాలిపోయి దాదాపు గాజయింది. ఇంకొకటి ఆర్టీమియా ముందు ఆగింది. రెండు చేతులు రెప్పపాటులో చాచి, పట్టి, లాక్కుంది. ఎవరూ నేర్పలేదు. కనపడిందంతా పైకి చెప్తున్నాను. మేడం కళ్లు మూసుకుని వింటున్నారు.

"చాలు," అన్నారు. "ఇప్పుడు నాకు చూపించు."

తెల్ల పింగాణీ పళ్లెంలో సీసా నీళ్లే పోసి, గరిటెతో ఒకదాన్ని అందులోకి దించాను. ఆవిడ వసారా మెట్టు మీద కూర్చుని పళ్లెం ఒళ్లో పెట్టుకున్నారు. మొహం కుడికి తిప్పారు. ఎడమకి తిప్పారు. గడ్డం పైకెత్తి కింద నుంచి చూశారు. పళ్లెం దూరంగా పెట్టారు, దగ్గరగా పెట్టారు. పిల్ల అప్పటికే పళ్లెం రంగులోకి మారిపోయింది. కళ్లు తప్ప నాకే సరిగ్గా ఆనడం లేదు.

చాలాసేపు చూశారు.

"తెల్లగా ఉంది," అన్నారు చివరికి. "అంతా తెల్లగా ఉంది నాయనా. నాకు కనపడ్డం లేదు."

మామూలు గొంతుతోనే అన్నారు. అంకుల్ తట్టుకోలేకపోయారు. "ఎందుకు కనపడదూ, వెలుతురు చాలక. ఉండు," అంటూ ఫోన్లో లైటు వేసి, ఆవిడ భుజం మీదుగా గబుక్కున వంగారు. ఆయన పెద్ద నీడ పళ్లెం మీద పడింది.

పిల్ల హడలిపోయింది. పళ్లెం మధ్యలో పెన్ను విదిలించినట్టు సిరా చుక్క చిమ్మింది.

"ఆగండి!" మేడం చెయ్యి ఆయన మోచేతిని పట్టుకుంది. "కదలకండి. నల్లగా... అదిగో. అక్కడ."

మొహం పక్కకి తిప్పి, చూపుడు వేలుతో ఆవిడ సరిగ్గా ఆ చుక్క మీదకి చూపించారు. నీళ్లలో అది పొగలా సాగుతుంటే వేలు కూడా దాని వెంట సాగింది.

"అవునండి, అక్కడే. పిల్ల దానికి కొంచెం ఇటుగా ఉంది."

"ఉంటుంది. చుక్కని వదిలి తను తప్పుకుంటుంది. అందరూ చుక్కనే చూస్తారు కదా." ఆవిడ కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి. తుడుచుకోలేదు. "ఫార్మలిన్ సీసాలోది ఎప్పుడన్నా భయపడిందా? చూశా. ఏవండీ, నేను చూశా."

"ఇంకోసారి భయపెట్టనా?" అన్నారు అంకుల్ ఉత్సాహంగా.

"వద్దు వద్దు. పాపం, పుట్టి పూటైనా కాలేదు. దాన్ని దాని వాళ్లలో వదిలి, వెళ్లి ఆ ఇడ్లీలు పట్రండి. ఆకలేస్తోంది."

వాటిని ఉంచుకోవాలని ఆవిడ అనుకోలేదు. పెరిగేకొద్దీ వాటి తిండి మా వల్ల కాదు. వారం తిరక్కుండానే, చల్లటి తెల్లవారుజామున, మూత ఉన్న బకెట్టుతో ముగ్గురం బందరు వెళ్లే బస్సెక్కాం. అంకుల్ బకెట్టుకి కూడా కిటికీ పక్క సీటు సంపాదించారు. కండక్టరు కుర్రాడు లగేజీ టికెట్టు అనబోతే, "ప్రాణాలున్నాయి బాబూ, నిల్చోబెట్టమంటావా?" అన్నారు.

ఆ పాత విద్యార్థి మమ్మల్ని జనం తిరగని ఒక పాయ దగ్గరకి తీసుకెళ్లాడు. నీళ్లు మోకాళ్ల లోతు, అడుగున ఇసక, గులకరాళ్లు, నాచు. మేడం చెప్పులు విప్పి, నా భుజం పట్టుకుని నీళ్లలోకి దిగారు. బకెట్టుని ఆవిడే వంచారు, తొందరలేకుండా, లోపలి నీళ్లూ బయటి నీళ్లూ ఒకటయ్యేదాకా.

"వెళ్లాయా?"

నేను వంగి చూశాను. ఇసక మీద, రాళ్ల సందుల్లో, నాచు కింద, ఆవిడ పాదాల చుట్టూ వెతికాను. ఇప్పుడే ఇక్కడ వదిలాం. అన్నీ ఇక్కడే ఉండాలి.

"ఒక్కటీ కనపడట్లేదండి."

"ఒక్కటీనా? నీక్కూడానా?"

"నాక్కూడానండి."

"సరిగ్గా చూశావా?"

"చూశానండి. ఇసకే ఉంది."

ఆవిడ మొహం వెలిగిపోయింది. ఒడ్డున గొడుగుతో నిలబడ్డ ఆయన వైపు తిరిగి, అల మీదుగా గట్టిగా కేకేశారు.

"ఏవండీ, విన్నారా! పుట్టి వారమన్నా కాలేదు, ఇంజనీరు కళ్లే కప్పేశాయి. బతికేస్తాయండీ, ఇంక ఏం భయం లేదు!"